మూడు సొన చుక్కలు

జగన్మోహనరావుకి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, తోటతో పాటు వచ్చింది. ముసునూరు దగ్గర పెద్ద మామిడితోట చేతిలో ఉన్నవాడు మనుషుల్ని నమ్మి ఎలా బతుకుతాడని ఆయన ఉద్దేశం. పూత మీద కాపు బేరానికొచ్చిన షావుకారు చెట్టు పైకి చూసి పెదవి విరిస్తే నమ్మకూడదు. మార్కెట్లో కమీషన్ దుకాణం గుమాస్తా పరుగెత్తుకొచ్చి కుర్చీ వేస్తే అసలే నమ్మకూడదు. పాలు పల్చగా ఉంటే ఎవరైనా అడుగుతారు. ఈయన చిక్కగా ఉన్న రోజున కూడా ‘ఇవాళెందుకింత చిక్కగా ఉన్నాయి’ అని పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టేవాడు.

తోట గేటు దగ్గర ఒక పద్ధతి ఉంది. సాయంత్రం కూలీలు ఇళ్ళకు వెళ్ళేముందు వరసలో నిలబడాలి. కాపలా బుచ్చయ్య క్యారేజీల మూతలు తీయించి చూసి, తర్వాత ‘చేతులు’ అంటాడు. కాయలు కోసేవాళ్ళ చేతులకి ఎలాగూ సొన అంటుతుంది, వాళ్ళ సంగతి వేరు. గడ్డి పరిచేవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మాత్రం రెండు అరచేతులూ చాపి, తిప్పి చూపించాలి. వాళ్ళ చేతులకి సొన మరకో వాసనో తగిలిందంటే చాటుగా కాయ తుంచినట్టే లెక్క. బుచ్చయ్య ఒక్కొక్కరి చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే, జగన్మోహనరావు పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునేవాడు. అందులో తప్పుందని ఆయనకి ఎన్నడూ తోచలేదు.

అలాంటి మనిషి తన తల్లి కారుని తీసుకెళ్ళి పరాయివాడి షెడ్డులో వదిలిపెట్టాల్సి వచ్చింది.

అది స్టాండర్డ్ హెరాల్డ్. చిన్న కారు, మీగడ రంగు, ముందు భాగమంతా ఒక్క ముక్కగా పైకి లేచే బానెట్. భర్త చిన్నవయసులోనే పోతే, తోట మరుదుల చేతుల్లోకి జారిపోకుండా కాపాడుకోవడానికి సీతారావమ్మ గారు ఆ కారు నడపడం నేర్చుకున్నారు. కొంగు నడుముకి దోపుకుని ఆవిడ నూజివీడు మార్కెట్లోకి హెరాల్డ్‌లో దిగితే బేరాలు కాసేపు ఆగిపోయేవట. మనిషి పొట్టి. అందుకని డ్రైవరు సీటు నాలుగు వేళ్ళ ఎత్తు లేపించుకుని, బ్రేకు పెడలు మీద టేకు దిమ్మ బిగించుకున్నారు. కాయల బుట్టల కోసం పైన ఇనప క్యారియర్ వేయించారు. అంత వైభవం చూసిన కారు, తర్వాత ఏళ్ళ తరబడి కాయలు మాగేసే కొట్టంలో గడ్డి కింద పడి ఉంది. సీట్లు ఎలుకలు తిన్నాయి. వెనక సీట్లో కోళ్ళు పొదిగాయి.

ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. చూపు మసకబారింది. ఈ వేసవి మొదట్లో ఒకరోజు భోజనాల దగ్గర కొడుకుని ఒక కోరిక కోరింది.

“జగ్గా, ఆ కారు లేపించరా. పండ్లకాలం వెళ్ళేలోపు ఒక్కసారి దాన్లో కూర్చుని తోట చుట్టూ తిరిగి రావాలనుంది. నాదే కావాలి, అలాంటిది ఇంకోటి తెచ్చి కూర్చోబెట్టకు. పట్టుకుంటే తెలిసిపోద్ది నాకు.”

సీతారావమ్మ గారు నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అలాంటావిడ అడిగింది. ఆ ‘నాదే’ అన్న మాట జగన్మోహనరావు మనసులో ముల్లులా గుచ్చుకుని కూర్చుంది. కారు తిరిగి రావాలి, అదీ ఈ పండ్లకాలంలోనే రావాలి, అమ్మ చెయ్యి వేయగానే తనదేనని పోల్చుకోవాలి. ఆయనకి ఈ వేసవిలో కావలసింది అంతే.

బాపులపాడు రోడ్డు మీద శ్రీరాములు షెడ్డు ఉంది. పాత కార్లంటే ప్రాణం పెట్టే మెకానిక్. హెరాల్డ్‌ని లారీ మీంచి దించగానే చుట్టూ తిరిగి, ఒంగి కిందకి చూసి, పెడలు మీద పుచ్చిపోయిన దిమ్మని వేలితో తట్టి, మురిసిపోయాడు.

“చాలా వరకు కంపెనీ సామాను అలాగే ఉందండీ. పోయినవాటికి కూడా కొత్తగా పోతపోసినవి వెయ్యనండి. ఆ కాలంవే వెతికి తెస్తా. అమ్మగారి ఎత్తు సీటు, దిమ్మ, పైన క్యారియర్, అన్నీ అప్పుడెలా ఉన్నాయో అలాగే చేసిస్తా.”

అన్నట్టుగానే వేట మొదలెట్టాడు. వెనక లైట్ల ఎర్ర గాజులు మద్రాసు పాత సామాన్ల బజారులో దొరికాయి. ముందు లైట్ల రింగులు కోయంబత్తూరు నుంచి వచ్చాయి. స్పీడు మీటరు బిళ్ళ ఒకటి రాజమండ్రిలో ఎవరిదో ఇంట్లో అలమారలో ఉందని తెలిసి, బస్సెక్కి వెళ్ళి బతిమాలి తెచ్చాడు. రంగు పనికి సువర్ణరాజుని పెట్టాడు. అతను శ్రీరాములు దగ్గర ఎన్నో ఏళ్ళుగా రంగు వేస్తున్నవాడు, పని చేసేటప్పుడు పలకరించినా పలకడు.

“నువ్వు మన రమణమ్మ కొడుకువి కదూ” అన్నాడు జగన్మోహనరావు అతన్ని చూసి. రమణమ్మ ఒకప్పుడు ఆయన తోటలో నీళ్ళు మోసేది.

“అవునండి” అని సువర్ణరాజు పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ ‘అవునండి’ కాస్త పొడిగా ఉన్నట్టు జగన్మోహనరావుకి తోచింది. దాన్ని జాగ్రత్తగా మనసులో దాచుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. పక్క తోట నారాయణరావు, వరసకి బావ, ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చల్లగా పుల్ల వేశాడు.

“మా తోడల్లుడి ఫియట్ సంగతి తెలుసా బావా? బాగు చెయ్యమని ఇచ్చింది ఒక కారు, తెచ్చుకుంది ఇంకో కారు. కంపెనీ సామానంతా ఊడబీకి పాత కార్ల పిచ్చోళ్ళకి అమ్ముకున్నారంట. మెరుస్తుందిగా అని మా వాడు నవ్వుతా తెచ్చుకున్నాడు. నీదింకా అరుదైన బండి. చూసుకో మరి.”

ఆ రాత్రి జగన్మోహనరావుకి కంటి మీద కునుకు లేదు. శ్రీరాములు మురిపెం గుర్తొచ్చింది. ఎవరి కారో చూసి వాడెందుకంత మురిసిపోవాలి? ‘చాలా వరకు కంపెనీ సామానే’ అన్నప్పుడు వాడి కళ్ళు మెరిశాయా లేదా? మెరిశాయి. తెల్లారేసరికి ఆయనకి ఉపాయం తట్టింది. ఉపాయం కొత్తది కాదు, వాళ్ళ ఇంటిదే.

సీతారావమ్మ గారు తోట చూసుకునే రోజుల్లో, ఒక షావుకారు మంచి కాయలు తీసేసుకుని, మచ్చలు పడ్డ దాగు కాయలు పోసిన బుట్ట చూపించి, ‘మీ సరుకు ఇదేనమ్మా’ అనేవాడు. ఆవిడ వాదించలేదు. మరుసటి కోతకి పచ్చికాయ తొడిమ తుంచి, చిమ్మిన సొనలో పుల్ల ముంచి, ప్రతి కాయకీ ముచ్చిక పక్కన మూడు చుక్కలు పెట్టించింది, పొయ్యిరాళ్ళు పేర్చినట్టు. సొన ఎండి నల్లబడింది. మార్కెట్లో పదిమంది ముందూ బుట్ట బోర్లించి, చుక్కల్లేని కాయలన్నీ షావుకారు కాళ్ళ దగ్గరికి తోసింది. ఆ తర్వాత నూజివీడులో ఆవిడ సరుకు జోలికి ఎవడూ పోలేదు. ఆ గుర్తు కొడుక్కీ నేర్పింది. సొన మరక చొక్కా చిరిగేదాకా పోదు, కాయ కుళ్ళేదాకా పోదు. జగన్మోహనరావుకి ఇంతకంటే గట్టి సాక్ష్యం లోకంలో లేదు. ఇనుము మామిడికాయ కాదన్న సంగతి ఆయన బుర్రకి తట్టలేదు.

మర్నాడు రెండు పచ్చి రసం మామిడికాయలు జేబులో వేసుకుని షెడ్డుకి వెళ్ళాడు. అందరూ వెనక భోజనాలు చేస్తున్నారు. కాయ తొడిమ విరిచి, అగ్గిపుల్లతో బానెట్ మీద ఎడమ లైటుకి పైన మూడు చుక్కలు, రెండు తలుపుల అంచుల్లో మూడేసి చుక్కలు పెట్టాడు. చివరికి లోపలికి దూరి, స్టీరింగ్ చక్రం వెనక వైపు, వేళ్ళు పట్టుకునే చోట మూడు చుక్కలు కాస్త దట్టంగానే అద్దాడు. అమ్మ ముందు పట్టుకునేది దాన్నే కాబట్టి, దొంగ ముందు మార్చేదీ దాన్నే. నల్ల చక్రం మీద నల్ల మరక ఎవడి కంటా పడదు. చేతులు రుమాలుతో తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి మజ్జిగ తాగి వెళ్ళాడు.

మళ్ళీ వారం వెళ్ళేసరికి బానెట్ బూడిద రంగులో ఉంది. ఎడమ లైటు పైన చుక్కల్లేవు. తలుపుల మీదా లేవు.

“శ్రీరాములూ, ఇది మా బానెట్టేనా?”

“మీదేనండి.”

“వేరేగా ఉందేంటి మరి?”

“పాత రంగంతా గీకి అడుగుపూత ప్రైమర్ కొట్టామండి. తలంటి పోస్తే పిల్లలు తెల్లబడ్డట్టే, ఇదీ అంతే” అని నవ్వాడు శ్రీరాములు.

జగన్మోహనరావు కూడా నవ్వాడు. గీకితే సొన మరక పోతుందంటే ఎవరు నమ్ముతారు? ఆయన చొక్కాల్ని చాకళ్ళు రాయికేసి బాదినా పోని మరక. లోపలికి చెయ్యిపెట్టి స్టీరింగ్ తడిమాడు. చుక్కలు అక్కడే ఉన్నాయి. అంటే స్టీరింగ్ మార్చడానికి వీళ్ళకింకా తీరిక దొరకలేదన్నమాట. బానెట్టూ తలుపులూ పోతే పోయాయి, ఈ వచ్చినవైనా మళ్ళీ మారకుండా చూసుకోవాలని, అందరూ భోజనాలకి లేవగానే ప్రైమర్ మీద మళ్ళీ చుక్కలు పెట్టాడు.

ఆ తర్వాత షెడ్డులో తీరు మారింది. ఆయన వెళ్ళేసరికి బానెట్ మీద టార్పాలిన్ కప్పి ఉండేది. తీయమంటే శ్రీరాములు అడ్డం నిలబడి, “ఆరుతుందండి, దుమ్ము పడుద్ది” అనేవాడు. మొహంలో మొహం పెట్టి మాట్లాడేవాడు కాదు. సువర్ణరాజు అయితే ఆయన రాగానే పని ఆపి, వెనక్కి వెళ్ళి కూర్చునేవాడు. తలుపుల మీద చుక్కలు మళ్ళీ మాయమయ్యాయి. జగన్మోహనరావు మళ్ళీ పెట్టాడు, టార్పాలిన్ అంచు కిందికి చెయ్యి దూర్చి చూడకుండానే బానెట్ మీద కూడా. అమ్మ ఇంటి దగ్గర రోజూ అడుగుతోంది, రసాలు పండుతున్నాయి, కారేమో ముక్కలు ముక్కలుగా ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోతోంది.

చివరికి ఒక ఉదయం నారాయణరావుని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

“నా బానెట్ ఎక్కడమ్మావు శ్రీరాములూ?”

శ్రీరాములు మొహం మాడిపోయింది. “అమ్మడమేంటండి బాబూ.”

“టార్పాలిన్ కింద ఏం దాచావు మరి?”

శ్రీరాములు తల దించుకునే చెప్పాడు. “రంగు నిలవట్లేదండి. కొట్టినప్పుడల్లా అక్కడక్కడ ఉబ్బి లేచిపోతుంది. గీకి మళ్ళీ కొడితే మళ్ళీ అంతే. మీకు చెప్పడానికి మొహం చెల్లక కప్పి పెట్టా. ఇన్నేళ్ళలో సువర్ణరాజు చేతి రంగు ఎప్పుడూ ఇలా లేవలేదు. ఏం జరుగుతుందో నాకూ అంతుబట్టట్లేదు.”

జగన్మోహనరావు సువర్ణరాజు వైపు తిరిగాడు. దొంగ దొరికాడన్న తృప్తి ఆయన గొంతులో వినబడింది. “రంగు ఊరికే లేస్తుందా? ఏం కలుపుతున్నావు దాన్లో? నాసిరకం పోసి అసలుది బయట అమ్ముకుంటున్నావా?”

“ఏం కలపలేదండి.”

“మీ అమ్మ మా తోటలో చేసింది కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నా. శ్రీరాములూ, ఇతనుంటే నా కారు ఇక్కడ ఉండదు. లారీ పిలిపిస్తా.”

శ్రీరాములు సువర్ణరాజు వంక చూశాడు, కారు వంక చూశాడు. కారు మీదే చెయ్యి వేశాడు. అది చాలింది. సువర్ణరాజు తన స్ప్రే గన్ని థిన్నర్‌తో కడిగి, గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“రంగెందుకు లేస్తుందో నాకు తెలీదండి. దొంగతనం మాత్రం చెయ్యలేదు” అని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడ్డాడు.

“ఇప్పుడు తీయి ఆ టార్పాలిన్” అన్నాడు జగన్మోహనరావు.

శ్రీరాములు తీశాడు. మీగడ రంగు బానెట్ అద్దంలా ఉంది, ఒక్కచోట తప్ప. ఎడమ లైటుకి పైన మూడు బొబ్బలు లేచి ఉన్నాయి, పొయ్యిరాళ్ళు పేర్చినట్టు.

జగన్మోహనరావు తలుపుల దగ్గరికి వెళ్ళి చూశాడు. అక్కడా అవే మూడు. బానెట్ మారలేదు. తలుపులు మారలేదు. ఏదీ ఎక్కడికీ పోలేదు. వాళ్ళు గీకిన ప్రతిసారీ తాను సొన పెట్టాడు, తాను సొన పెట్టిన ప్రతిసారీ ఆ మనిషి రంగు లేచిపోయింది. నారాయణరావు పక్కన నిలబడి ‘చూశావా, నేను చెప్పలా’ అంటున్నాడు.

బస్సు ఇంకా రాలేదు. సువర్ణరాజు ఎండలో, చంకలో గుడ్డమూటతో, కనబడుతూనే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే చాలు, వినబడుతుంది. ఇంతమందిలో, అదీ బావ ముందు, రమణమ్మ కొడుకుని వెనక్కి పిలిచి తప్పు నాదేనని ఎలా చెప్పడం? బస్సు వచ్చింది. కదిలి వెళ్ళేసరికి బస్టాపు ఖాళీగా ఉంది.

శ్రీరాములు గన్నవరం నుంచి ఇంకో రంగు మనిషిని తెచ్చాడు. జగన్మోహనరావు ఈసారి షెడ్డుకి వెళ్ళినా చేతులు జేబుల్లోంచి బయటికి తీయలేదు. రంగు చక్కగా నిలిచింది. దాంతో చుట్టుపక్కల షెడ్లవాళ్ళు సంగతి తేల్చేశారు. మనిషి మారగానే నిలిచిందంటే తప్పు ఎవరిదో ఇంకా చెప్పాలా? బాపులపాడులో గానీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గానీ సువర్ణరాజుని ఎవరూ పనికి పిలవలేదు.

కొన్నాళ్ళకి, తోట గేటు దగ్గర జగన్మోహనరావు మామూలుగా పేపరు చదువుకుంటున్నాడు. వరస కదులుతోంది. బుచ్చయ్య ‘చేతులు’ అనగానే రెండు చేతులు ముందుకొచ్చాయి. గోళ్ళ మొదట్లో మీగడ రంగు ఇంకా పోలేదు. ఆయన తలెత్తాడు. సువర్ణరాజు. షెడ్లలో పని దొరక్క గడ్డి పరిచే పనికి వచ్చాడు. బుచ్చయ్య ఆ చేతులు తిప్పి చూసి, వాసన చూసి, “ఏంట్రా ఇది, సొన వాసన కాదు” అన్నాడు.

“థిన్నర్. రంగు పోవాలని రుద్దా” అన్నాడు సువర్ణరాజు. జగన్మోహనరావు వంక కన్నెత్తయినా చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అందులో ఒక్క అక్షరం కూడా కంటికి ఆనలేదు. సిగ్గేసింది. అయినా చెప్పలేదు. అమ్మ కారెక్కి తోట తిరిగాక నిదానంగా ఆలోచిద్దామని సర్దిచెప్పుకున్నాడు.

రసాలు మంచి పక్వం మీద ఉండగా కారు వచ్చింది. శ్రీరాములే నడుపుకుంటూ వాకిట్లోకి తెచ్చాడు. నారాయణరావు కూడా చూడ్డానికొచ్చాడు. సీతారావమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కారుని కళ్ళతో చూడలేదు, చేతులతో చూసింది. బానెట్ నిమిరింది. తలుపు పిడి తిప్పి ఆ చప్పుడు విని తలాడించింది. ఎత్తు సీట్లో కూర్చుని, కాలు చాపి టేకు దిమ్మ తగలగానే నవ్వింది.

“దిమ్మ కూడా మర్చిపోలేదే నువ్వు, శ్రీరాములూ.”

రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసింది. “ఇది నాదేరా జగ్గా. నా బొటనవేలు ఆనించే పల్లం కూడా అలాగే ఉంది.”

జగన్మోహనరావుకి కళ్ళు చెమర్చాయి. ఈ ఒక్క మాట కోసం వేసవంతా కాలిపోయాడు. ఇంతలో ఆవిడ వేళ్ళు చక్రం వెనక వైపు జరిగి, ఒకచోట ఆగిపోయాయి. ఆ కాలం నాటి ప్లాస్టిక్‌ని సొన తినేసింది. మూడు గుంటలు. ఆవిడ ఒక్కొక్క గుంటలో వేలు పెట్టి చూసింది. నవ్వు పోయింది.

“ఒరే, ఈ కారు అమ్మకానికి పెట్టావా?”

“అమ్మడమేంటమ్మా. నీ కోసం చేయించింది.”

“మరి సొన గుర్తెందుకుంది? నేనా గుర్తు పెట్టింది బయటోడికి పోయే కాయలకి. ఇంట్లోకి ఉంచుకున్నవాటికి ఎప్పుడైనా పెట్టానా?”

జగన్మోహనరావుకి తల కొట్టేసినట్టయింది.

“ఏం గుర్తమ్మా?” అన్నాడు శ్రీరాములు.

“మూడు చుక్కలయ్యా. పొయ్యిరాళ్ళలాగా. పచ్చికాయ సొనతో పెడతాం. ఈ ఇంటి గుర్తు.”

శ్రీరాములు నెమ్మదిగా వెళ్ళి ఎడమ లైటు పైన చెయ్యి పెట్టాడు. “రావుగారండీ, బానెట్ మీద కూడా పెట్టారా?”

జగన్మోహనరావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“గీకినప్పుడల్లా పెట్టారా? తలుపుల మీద కూడానా?” బానెట్ మీంచి చెయ్యి తీసేశాడు. “సొన జిడ్డు మీద రంగెలా పట్టుద్దండీ. నాతో పాతికేళ్ళు పనిచేసిన మనిషిని మీ మాట మీద పంపించేశాను. ఇప్పుడతన్ని ఎవడూ షెడ్డులోకి రానివ్వట్లేదు.”

నారాయణరావు పని గుర్తొచ్చినట్టు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరా మనిషని సీతారావమ్మ గారు అడిగింది. శ్రీరాములు చెప్పాడు. ఆవిడ స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది.

“రమణమ్మ కొడుకా” అని, కారు దిగిపోయింది. “ఈ రంగంతా గీకించు. అతనొచ్చి వేస్తేనే నేను ఎక్కేది. పండ్లకాలం ఇంకెన్నాళ్ళో లేదు, చూసుకో.”

జగన్మోహనరావు తోటలోకి నడిచాడు. కొట్టం దగ్గర పదిమంది కాయలు సర్దుతున్నారు. సువర్ణరాజు గడ్డి పరుస్తున్నాడు.

“ఒకసారి ఇటు రావయ్యా, మాట్లాడాలి.”

“ఇక్కడే చెప్పండి” అన్నాడు సువర్ణరాజు గడ్డి వదలకుండా.

అందరి చేతులూ ఆగాయి. జగన్మోహనరావు అందరి ముందే చెప్పాడు. “నీ రంగు లేచింది నా వల్ల. సామాన్లు మార్చేస్తారని అనుమానించి నేనే సొన చుక్కలు పెట్టాను. మీరు గీకినప్పుడల్లా పెట్టాను. నీ తప్పేం లేదు.”

“ఎప్పుడు తెలిసిందండి మీకు?”

అబద్ధం చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. “ఆరోజే. నువ్వు బస్టాపులో ఉండగానే.”

సువర్ణరాజు చేతిలో గడ్డి కింద పెట్టాడు. “తెలిసి కూడా బస్సెక్కనిచ్చారు.”

“ఆ.”

బుచ్చయ్య కూడా గేటు దగ్గర నుంచి వచ్చి నిలబడ్డాడు.

“వస్తానండి” అన్నాడు సువర్ణరాజు చివరికి. “అమ్మగారి కారు కాబట్టి వస్తాను. ఆ షెడ్లవాళ్ళందరూ చూస్తుండగా వేస్తాను. నేను రంగు వేసేచోటికి ఎవరొచ్చినా చేతులు చూపించే రావాలి. మీరైనా అంతే.”

రంగు వేసే రోజున బాపులపాడు రోడ్డు మీద షెడ్లవాళ్ళు సగం మంది శ్రీరాములు గుమ్మం ముందు ఉన్నారు. లోపల హెరాల్డ్ మళ్ళీ బూడిద రంగులో ఉంది. జగన్మోహనరావు వచ్చి లోపలికి వెళ్ళబోతుంటే సువర్ణరాజు ఎదురొచ్చాడు. నోటితో ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డాడు. ఆయన రెండు చేతులూ చాపాడు. తిప్పి చూపించాడు. ఎంతమంది చాపగా చూశాడో గానీ, చేతులు చాపి నిలబడితే మోచేతులు ఎలా వణుకుతాయో ఆయనకి ఇప్పుడే తెలిసింది.

సువర్ణరాజు ఆ చేతుల్ని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. కుడి బొటనవేలు పక్కన నల్లటి మరక ఉంది. పొద్దున తోటలో జగన్మోహనరావు అలవాటు కొద్దీ కాయ తొడిమ తుంచి చూసినప్పటిది.

“సొన ఉందండి. కడుక్కుని రండి.”

జగన్మోహనరావు కుళాయి దగ్గర సబ్బుతో తోమాడు. కిరసనాయిలు అడిగి తెచ్చుకుని రుద్దాడు. ఇటుక ముక్కతో కూడా రుద్దాడు. చర్మం ఎర్రబడింది గానీ మరక కదల్లేదు. అది పోదని ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మళ్ళీ చూపించకుండానే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

కాసేపటికి బుచ్చయ్య ఆటోలో సీతారావమ్మ గారిని తీసుకొచ్చాడు. ఆవిడ కర్ర ఊతంతో గుమ్మం దాకా నడిచి, అడక్కముందే రెండు చేతులూ చాపింది.

సువర్ణరాజు తడబడ్డాడు. “మీకెందుకమ్మా.”

“ఆ గుర్తు వీడికి నేర్పింది నేనేనయ్యా. మీ అమ్మ చేతులు గేటు దగ్గర చూడమని బుచ్చయ్యని నిలబెట్టింది కూడా నేనే. చూసే పంపు.”

బుచ్చయ్య తల దించుకున్నాడు. సువర్ణరాజు ఆ ముసలి చేతుల్ని ముందు అరచేతుల వైపు, తర్వాత వెనక వైపు చూశాడు. ఆయన చేతులు ఎలా చూశాడో ఆవిడవీ అలాగే చూశాడు. “రండమ్మా” అని మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు.

లోపల స్ప్రే గన్ చప్పుడు మొదలైంది. జగన్మోహనరావు బయట ఎండలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఎదురుగా ఉన్న బస్టాపు వైపు చూస్తూ నిలబడ్డాడు.